23 వేల సొప్రానో సాక్సోఫోన్ కొనవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. ఆరేళ్లుగా బ్యాండ్ మేళంలో క్లారినెట్ వాయిస్తున్నాను. ఆన్‌లైన్‌లో 23 వేలకు కొత్త సొప్రానో సాక్సోఫోన్ కనిపించింది, నిటారుగా ఉండే రకం, ఫొటో పంపుతున్నాను. పేరున్న కంపెనీలవి లక్షల్లో ఉన్నాయి. ఇంత తేడా ఎందుకు? ఇది నిజంగా ఊదడానికి పనికొస్తుందా, గోడకు తగిలించుకోవడానికేనా? మా నాన్న వద్దంటున్నారు.

జవాబు:

తమ్ముడూ, వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వనే అంటాను. నేను ముప్పై ఏళ్లు మేళంలో ఉన్నాను. మొదట క్లారినెట్, తర్వాత ఆల్టో సాక్సోఫోన్, ఆ తర్వాత దానికంటే చిన్నదైన సొప్రానో. ఊరేగింపుల్లో నడవలేక మానేశాక ఇంట్లోనే వాయిద్యాలు బాగుచేస్తున్నాను. ఇప్పటికి నా బల్ల మీదికి వచ్చిన చవక సొప్రానోలు పదిహేనుకు తక్కువ ఉండవు. వాటిలో నాలుగు ఎందుకూ కొరగాలేదు. మిగతావి ఇప్పటికీ పెళ్లిళ్లలో మోగుతున్నాయి. అందుకని "చవకది ముట్టుకోవద్దు" అని నేననను. అయితే డబ్బా విప్పిన రోజున వాటిలో ఒక్కటి కూడా తిన్నగా వాయించే స్థితిలో లేదు. మీ నాన్నగారు అంటున్నది బహుశా ఇదే.

23 వేలకు నీకు వచ్చేది ముప్పాతిక వంతు పూర్తయిన వాయిద్యం. మిగిలిన పావు పని నువ్వో, నాలాంటి వాడో పూర్తిచేసుకోవాలి. ఆ పావులో చేత్తో బాగుపడేవి కొన్ని, ఎవరి చేతా బాగుపడనివి కొన్ని. కొనేముందు చూడవలసింది ఈ రెండో రకాన్నే. జనం మాత్రం మొదటి రకం చూసి భయపడతారు, రెండో రకాన్ని అసలు చూడరు.

ధరలో అంత తేడా ఎక్కడొస్తుందో ముందు చెబుతాను. గొట్టం ఇత్తడి. సాక్సోఫోన్‌కు వాడే మామూలు ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. చవకదైనా ఖరీదైనదైనా ఆ లోహంలో పెద్ద తేడా ఉండదు. శ్రీకాకుళం వైపు బుడితిలో ఇత్తడి సామాను కొన్నవాళ్లకు తెలుసు, లోహం ఖరీదు తూకంతో తేలిపోతుంది, పనితనం ఖరీదు చేతిని బట్టి ఉంటుంది. సాక్సోఫోన్‌లో ఆ చేతి పని చాలా ఎక్కువ. బెజ్జాలు మూసే మెత్తటి ప్యాడ్లు ఇరవైకి పైగా ఉంటాయి. ఒక్కొక్కటీ తన బెజ్జం అంచు మీద చుట్టూ సమానంగా కూర్చోవాలి. స్ప్రింగులన్నీ ఒకే బిగువులో ఉండాలి. చివర్లో వాయించడం వచ్చిన మనిషి ఒకడు ఊది, తప్పులు సరిచేసి పంపాలి. చవక కార్ఖానా మిగుల్చుకునేది ఆ మనిషి గంటల్నే. యంత్రం చేసే పని చేస్తుంది, మనిషి చేయాల్సింది వదిలేస్తుంది.

ఇంకో సంగతి, పేర్లను నమ్ముకోకు. చైనాలో తియాన్‌జిన్ చుట్టుపక్కల సాక్సోఫోన్లు చేసే కార్ఖానాలు చాలా ఉన్నాయి. ఒకే కార్ఖానా సరుకు మీద నాలుగు దేశాల వాళ్లు నాలుగు పేర్లు చెక్కించుకుని అమ్ముతారు. పోయినేడు నచ్చిన పేరే ఈ ఏడు వేరే కార్ఖానా నుంచి రావచ్చు. నా బల్ల మీదికి ఒకే పేరు, ఒకే మోడల్ సొప్రానోలు రెండు వచ్చాయి. ఒకదాన్ని సాయంత్రానికల్లా బాగుచేసి ఇచ్చాను. రెండోదాని మీద వారం కూర్చుని చేతులెత్తేశాను. తైవాన్‌లో హౌలీ అనే ఊరిది మరో కథ. అక్కడ తరాలుగా ఇదే పని, సరుకు చవక చైనాదాని కంటే నిలకడగా ఉంటుంది, ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది.

ఇక అసలు విషయం, శ్రుతి. సాక్సోఫోన్ కుటుంబంలో సొప్రానో మొండిఘటం. పెద్ద సాక్సోఫోన్ అయిన టెనర్‌కు సరిగ్గా ఒక స్థాయి పైన పలుకుతుంది, అంటే లోపలి గాలిస్తంభం పొడవు దానిలో సగం. టెనర్ మీద ఒక బెజ్జం 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే వచ్చే తప్పు సొప్రానో మీద రెట్టింపవుతుంది. లెక్క వేస్తే, మధ్య స్వరాల దగ్గర 1 మిల్లీమీటరు తేడాకు సుమారు నాలుగైదు సెంట్లు. అర స్వరానికి వంద సెంట్లు కదా, ఇది చిన్నదే అనిపిస్తుంది. కానీ చవక కార్ఖానాలో తేడా ఒక మిల్లీమీటరుతో ఆగదు, ఒక్క బెజ్జంతోనూ ఆగదు. ఇదే కార్ఖానా ఆల్టో చేస్తే ఫరవాలేదనిపించి, సొప్రానో చేస్తే ఏడిపించేది ఇందుకే.

బొబ్బిలి వీణ చూసే ఉంటావు. గొల్లపల్లిలో పనస చెక్కతో చేస్తారు. ఏళ్లు గడిచి మెట్లు శ్రుతి తప్పితే మైనం కరిగించి మెట్లు మళ్లీ కూర్చోబెడతారు, దాన్నే మేళం కట్టడం అంటారు, మెట్టు అటూ ఇటూ జరుగుతుంది, వీణ మళ్లీ పలుకుతుంది. నాదస్వరానికీ అంతే, వేళ్ల బెజ్జాలు ఏడు కాక కింద ఇంకో అయిదు ఉంటాయి, వాటిని మైనంతో మూసి, తెరిచి శ్రుతి సర్దుకుంటారు. సాక్సోఫోన్‌కు ఆ వెసులుబాటు లేదు. బెజ్జాన్ని గొట్టం లోహంలోంచే పైకి లాగి అంచు కడతారు. పడ్డచోట పడ్డట్టే. ప్యాడ్ ఎంత ఎత్తు లేవాలో మార్చి కొన్ని సెంట్లు దించవచ్చు, ఎక్కించవచ్చు. బాగా ఎక్కువ పలికే స్వరానికి బెజ్జం లోపల చంద్రవంకలా కాస్త పూత పెట్టి దించవచ్చు. నేను అవన్నీ చేశాను. పది సెంట్ల తప్పుకు అవి చాలు. నలభై సెంట్ల తప్పుకు చాలవు.

నేను కొన్న మొదటి సొప్రానో అదే బాపతు. పేరు అనవసరం. బంగారు రంగులో తళతళలాడేది, పెట్టె లోపల నీలం వెల్వెట్టు, తెల్ల చేతి తొడుగులు కూడా ఇచ్చారు. చేతి తొడుగులు ఇచ్చారంటే అనుమానించాలని అప్పుడు తెలీదు. చీపురుపల్లిలో ఒక పెళ్లికి పట్టుకెళ్లాను. కింది స్థాయి బాగానే నడిచింది. చరణంలో పైకి వెళ్లేసరికి కీబోర్డు కుర్రాడు నావైపు తిరిగి చూశాడు. రెండోసారి చూశాడు. మూడోసారి వాల్యూమ్ తగ్గించాడు. నేను పెదవి ఎంత వదులు చేసినా ఆ పై స్థాయి 'ఎ' స్వరం దిగిరాలేదు. ఇంటికొచ్చి శ్రుతి కొలిచే ట్యూనర్ పెట్టి చూస్తే, కింది 'ఎ' సరిగ్గా ఉన్నప్పుడు పై 'ఎ' 35 సెంట్లు పైన ఉంది. మౌత్‌పీస్ బయటికి లాగి పైదాన్ని సర్దితే కిందిది దిగజారింది. ఒకే వేళ్లు, ఒకే గొట్టం, స్థాయి మార్చే ఆక్టేవ్ కీ మాత్రమే తేడా. మూడు మౌత్‌పీసులు మార్చాను, మారలేదు. గొట్టం లోపల శంకువులా సన్నబడుతూ పోవాలి, ఆ ఆకారమే తప్పు. ఇప్పుడది మా వరండాలో ఉంది, మనవడు దానికి బడి సంచి తగిలిస్తాడు. నువ్వు గోడ మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నాను.

కాబట్టి కొనేముందు అమ్మేవాణ్ని ఒక్కటే అడుగు. పంపబోయే ఆ సాక్సోఫోన్‌తోనే, ట్యూనర్ తెర కనిపించేలా, కింది బి-ఫ్లాట్ నుంచి పై 'ఎఫ్' దాకా ప్రతి అర స్వరమూ ఊది వీడియో తీసి పంపమను. పంపనంటే అక్కడే ఆపెయ్. పంపినా, సరుకు వచ్చాక నువ్వు మళ్లీ చూసుకోవాలి. తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో ముందే కనుక్కో, ఆ రోజుల్లో ముహూర్తాలేవీ ఒప్పుకోకు. పెట్టె విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తియ్యి.

శ్రుతి చూసే పద్ధతి ఇదీ. పది నిమిషాలు ఊది గొట్టం వేడెక్కనివ్వు. క్లారినెట్‌లాగే ఇదీ బి-ఫ్లాట్ వాయిద్యం, నువ్వు 'సి' పట్టుకుంటే హార్మోనియం బి-ఫ్లాట్, అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి, పలుకుతుంది. నువ్వు 'జి' ఊదితే ట్యూనర్ 'ఎఫ్' చూపిస్తుంది, అది తప్పు కాదు. ఆ 'జి'కి మౌత్‌పీస్ సర్దుకుని, తర్వాత ముట్టుకోకు. ఇప్పుడు ట్యూనర్ వైపు చూడకుండా ఒక్కో స్వరం కళ్లు మూసుకుని ఊదు, నిలబడ్డాక కళ్లు తెరిచి చూడు. చూస్తూ ఊదితే పెదవి నీకు తెలియకుండానే సర్దేస్తుంది. కింది 'డి', పై 'డి', కింది 'జి', పై 'జి', కింది 'ఎ', పై 'ఎ' ఇలా జతలుగా రాసుకో. మంచి సాక్సోఫోన్‌లో కూడా పై 'డి' కొంచెం ఎక్కుతుంది, వేళ్లన్నీ ఎత్తేసిన 'సి షార్ప్' కొంచెం దిగుతుంది. అది దాని స్వభావం. పదిహేను, ఇరవై సెంట్ల దాకా పెదవికి అలవాటవుతుంది. ఏ జతలోనైనా తేడా ముప్పై దాటితే, మౌత్‌పీస్ మార్చి ఇంకోసారి చూడు. అప్పటికీ తగ్గకపోతే తిప్పి పంపెయ్. మీ నాన్నగారికి చెప్పకపోయినా పరవాలేదు.

ఇక్కడ నీలాంటి క్లారినెట్ వాళ్లకు ఒక చిక్కుంది. క్లారినెట్‌కు పెదవి బిగించి పట్టే అలవాటు. అదే బిగువుతో సొప్రానో పట్టుకుంటే పై స్థాయి అంతా ఎక్కుతుంది, నాదం సన్నగా మేకపిల్ల అరిచినట్టు వస్తుంది, నువ్వు సాక్సోఫోన్‌ను తిడతావు. అందుకే ముందు మౌత్‌పీస్ ఒక్కదాన్నే తీసి ఊదు. హార్మోనియం మీద 'సి', అంటే ఒకటి శ్రుతి షడ్జం, పై స్థాయిలో పలకాలి. అంతకంటే ఒక స్వరం పైన పలికితే తప్పు నీ దవడది. వారం పాటు ఆ 'సి'ని పట్టుకుని కూర్చో, తర్వాతే వాయిద్యాన్ని పరీక్షించు. మరీ తిప్పి పంపే గడువు అయిపోయేదాకా కాదు. ఇంకో తేడా కూడా గుర్తుంచుకో, క్లారినెట్‌లో రిజిస్టర్ కీ నొక్కితే పన్నెండో స్వరానికి ఎగురుతుంది, ఇందులో సరిగ్గా పై స్థాయికి. మొదటి నెల నీ వేళ్లు పొరపడతాయి. పాత క్లారినెట్ మౌత్‌పీస్ దీనికి తొడుగుదామని చూడకు, అది బ్యారెల్ లోపలికి దూరేది, ఇది నెక్ కార్కు మీద తొడుక్కునేది.

శ్రుతి తర్వాత లీకులు. ఇవి భయపడాల్సినవి కావు, విసుగు పుట్టించేవి. చవక సొప్రానోకు కింది 'సి', 'బి', బి-ఫ్లాట్ పలకవు, గుడగుడమంటాయి, లేదా వాటంతటవే పై స్థాయికి ఎగిరిపోతాయి. పాపం జనం ఊపిరి చాలడం లేదనుకుని ఇంకా గట్టిగా ఊదుతారు. కింది స్వరం పలకాలంటే దానికి పైనున్న ప్యాడ్లన్నీ గాలి పోకుండా మూసుకోవాలి. పైన అరచేతి కీల దగ్గర సూది మొన అంత సందున్నా కింది సగం మొత్తం చెడుతుంది.

చూసుకోవడం తేలిక. దీపావళికి కొన్న సీరియల్ లైట్లుంటాయి కదా, బ్యాటరీతోనో ఫోన్ ఛార్జర్‌తోనో వెలిగేవి, గోడ ప్లగ్గువి కాదు. ఆ తీగను గొట్టం లోపలికి దించి, గదిలో దీపం ఆర్పి, కీలను మెల్లగా మూస్తూ చూడు. ప్యాడ్ అంచున వెలుగు గీతలా కనిపించినచోట గాలి పోతోంది. గట్టిగా నొక్కి చూడకు, గట్టిగా నొక్కితే ఏదైనా మూసుకుంటుంది. మామూలుగా వాయించేటంత బలమే పెట్టు. సిగరెట్ కాగితం పీలిక ప్యాడ్ కింద పెట్టి మూసి లాగి చూసినా తెలుస్తుంది, నాలుగు దిక్కులా ఒకే బిగువు రావాలి.

ప్యాడ్ ఒకవైపే ఆనుతుంటే, దాని గిన్నె వెనుక మెల్లగా వేడి తగిలించి, లోపలి జిగురు కరిగాక ప్యాడ్‌ను తిన్నగా కూర్చోబెట్టాలి. పాత పద్ధతిలో ఆ జిగురు లక్క, ఏటికొప్పాక బొమ్మల మీద తిప్పే జాతి లక్కే. చవక కార్ఖానా వాళ్లు గ్లూ గన్ జిగురు రెండు చుక్కలు వేసి వదిలేస్తారు. ఎండలో కారులో పెట్టె వదిలితే ప్యాడ్ గిన్నెలోంచి ఊడి చేతిలోకొచ్చిన సందర్భాలున్నాయి. వేడి పెట్టే పని మొదటిసారి నువ్వే చేయకు, ల్యాకర్ పూత మాడిపోతుంది. చూసి నేర్చుకుని చెయ్యి.

ఇంకో రెండు చిన్న పరీక్షలు. ఆక్టేవ్ కీ నొక్కి పట్టుకుని 'జి', 'ఎ', 'జి', 'ఎ' అంటూ మార్చి మార్చి పట్టు. పైన ఉన్న రెండు చిన్న బెజ్జాల మూతలు ఒకటి తెరుచుకుంటే ఒకటి మూసుకోవాలి. రెండూ ఒకేసారి లేచినా, తడబడినా అక్కడి లింకు సర్దాలి. తర్వాత ఎడమ చిటికెన వేలితో జి-షార్ప్ కీ నొక్కి ఉంచి, కుడి చేతి 'ఎఫ్' కీ నొక్కు. జి-షార్ప్ ప్యాడ్ మూసుకునే ఉండాలి. పైకి లేస్తుంటే కింది స్వరాలన్నీ లీకే. దానికి చిన్న స్క్రూ ఒకటుంటుంది, అర చుట్టు తిప్పితే తేలిపోతుంది. ఈ ఒక్క స్క్రూ కోసమే ఓ కుర్రాడు గజపతినగరం నుంచి మూడుసార్లు వచ్చాడు, మూడోసారి నేర్పించి పంపాను.

లీకులైతే బాగుపడతాయి, బాగుపడనిది ఇంకొకటుంది, కీల లోహం. మంచివాటిలో కీలు గట్టి ఇత్తడి. చవకల్లో కొన్నిటికి మెత్తటి పోత లోహం వాడతారు. పొద్దున్న సర్దితే సాయంత్రానికి వంగుతుంది. కింది 'బి' కీ నొక్కి, దాని పొడవాటి రాడ్‌ను పక్క నుంచి చూడు. ప్యాడ్ మూసుకున్నాక కూడా వేలి కింద రాడ్ విల్లులా వంగుతూనే ఉంటే ఆ వాయిద్యం నాలాంటి వాడికి జీవితాంతం బేరం. విరిగితే టంకం పెట్టించుకోవచ్చు, కానీ మెత్తటి పోత లోహానికి టంకం కూడా సరిగ్గా పట్టదు. మీరట్ జాలీ కోఠీ బజారులో కొన్న ట్రంపెట్‌కు సొట్ట తీయడం, అతుకు పెట్టడం మన ఊళ్లో నలుగురికైనా వచ్చు. దానికి మూడు మీటలే. ఇరవై పైచిలుకు కీలున్న దీన్ని మాత్రం ఆ చేతులకు ఇవ్వకు.

ఖర్చు లెక్కలోకి వద్దాం. 23 వేలు సాక్సోఫోన్‌కు అయితే, పెట్టెలో వచ్చిన మౌత్‌పీస్ అదే రోజు పక్కన పడెయ్. చవక సొప్రానో మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం దానివే. శంకువు కొన తెగిపోయినచోట మౌత్‌పీస్ కూర్చుంటుంది కాబట్టి దాని లోపలి ఖాళీ, ఆ తెగిన కొన ఖాళీకి సరితూగాలి. సొప్రానోలో ఆ ఖాళీ చాలా చిన్నది, చిన్న తేడాకే స్థాయిలు చెదురుతాయి. యమహా 4సి సొప్రానో మౌత్‌పీస్ ప్లాస్టిక్‌దే, ఆడంబరం లేదు, కానీ లెక్క తప్పదు. దానికి వాండోరెన్ కంపెనీవో మరొకటో 2 లేదా 2½ నంబరు రీడ్లు, నంబరు పెరిగేకొద్దీ రీడు గట్టిది. క్లారినెట్‌లో 3 వాడుతున్నానని ఇక్కడా 3 పెట్టకు. నాలాంటి వాడి దగ్గర మొదటిసారి సర్దుబాటుకు ప్యాడ్లు మార్చే అవసరాన్ని బట్టి మూడు నుంచి ఆరు వేలు. మొత్తం ముప్పై వేల పైమాటే అనుకో. ఆ ముప్పై చేతిలో లేకుండా 23కి కొంటే, మిగతా పని వాయిదా పడుతుంది, ఆ వాయిదాలో నువ్వు ఊదడం మానేస్తావు. ఎంతమందిని చూశానో.

పేరున్న వాటి సంగతి అడిగావు. యమహా వాళ్ల వైఎస్ఎస్-475, యానగిసావా, సెల్మర్, ఇవి లక్షల్లోనే. జూపిటర్ తైవాన్‌ది, కాస్త కింద. వాటిలో నువ్వు కొనేది ఆ చివరి మనిషి గంటలు, ఇరవై ఏళ్లు నిలిచే కీలు, మళ్లీ అమ్మితే వచ్చే డబ్బు. పాత యమహా ఎక్కడైనా దొరికితే, రంగు పోయినా, కొత్త చవకదాని కంటే దానికే ఓటేస్తాను. హౌరా రైలెక్కి కోల్‌కతా లాల్‌బజార్ వైపు వాయిద్యాల దుకాణాలు తిరిగితే ఊది చూసి కొనుక్కోవచ్చు. ప్యాడ్లు, కార్కు, స్ప్రింగులు కూడా అక్కడ విడిగా దొరుకుతాయి. ట్యూనర్, నీ మౌత్‌పీస్, నీ రీడు జేబులో పెట్టుకుని వెళ్లు. దుకాణంవాడి రీడుతో ఊదితే వాడి సాక్సోఫోన్ మంచిదే అనిపిస్తుంది.

ఆల్టో కొనుక్కోరాదా అని నిన్ను అడిగేవాళ్లుంటారు. కద్రి గోపాల్‌నాథ్ గారు కర్ణాటక సంగీతాన్ని వేదికల మీద నిలబెట్టింది ఆల్టో మీదే. నాదస్వరం ఇంట్లో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని దానికి మనసిచ్చారు. కొత్తగా ఊదడం మొదలుపెట్టేవాడైతే నేనూ ఆల్టోనే కొనమంటాను, తప్పుల్ని అది కాస్త మన్నిస్తుంది. నీకు ఆరేళ్ల క్లారినెట్ ఉంది, శ్రుతి అదే, రాసుకున్న పుస్తకం అదే పనికొస్తుంది, పల్లకీ ముందు నడుస్తూ సన్నాయి మేళానికి దగ్గరగా పలికేది సొప్రానోనే. నీ ఎంపిక తప్పు కాదు. డబ్బు మరీ ఇబ్బందైతే యమహా వెనోవా అని 2017లో ఒకటొచ్చింది, ప్లాస్టిక్‌ది, సొప్రానో మౌత్‌పీస్‌తోనే ఊదాలి, ఒకటి శ్రుతి. సాక్సోఫోన్ కాదు, మేళంలో దాన్ని పట్టుకుని నిలబడితే పిల్లలు నవ్వుతారు. కానీ పెదవి తయారు చేసుకోవడానికి భేషైనది. ఆ మౌత్‌పీస్ తర్వాత సొప్రానోకు పనికొస్తుంది కూడా.

నిటారు రకమే తీసుకో, వంపుది కాదు. చవకల్లో వంపు రకానికి కీల లింకులు ఇంకా చిక్కు. నెక్ ఊడదీసే రకమైతే ఆ అతుకు దగ్గర గాలి పోతోందేమో చూసుకో. బరువు కిలో పావు అటూ ఇటూ, మొత్తం కుడి బొటనవేలి మీదే. మెడ పట్టీ తగిలించే రింగు లేకపోతే మూడు గంటల ఊరేగింపు అయ్యాక ఆ వేలు నీది కాదు. రంగులు, నగిషీలు, నల్ల నికెల్ పూతలు, వీటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

మన వాతావరణం గురించి మాత్రం ఉంది. కళింగపట్నం, భోగాపురం వైపు సముద్రపు గాలికి ఉక్కు స్ప్రింగులు ఏడాదిలోనే తుప్పు పట్టి టప్పున విరుగుతాయి. ఊదాక లోపల గుడ్డ లాగి, పెట్టె మూత కాసేపు తెరిచి ఉంచి, తర్వాతే మూయాలి. రాడ్లకు కుట్టుమిషన్ నూనె ఒక చుక్క, సూది మొనతో. ఇంట్లో ఉందికదా అని కొబ్బరినూనె వేసిన మహానుభావులున్నారు. ఎండాకాలం బ్రహ్మాండంగా ఉంటుంది. ధనుర్మాసం తెల్లవారుజామున గుళ్లో వాయించబోతే నూనె గడ్డకట్టి కీలు మెల్లగా, నిద్రలోంచి లేచినట్టు లేస్తాయి. ఎండాకాలానిది ఇంకో బాధ. గొట్టంలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు మూడు సెంట్లు ఎక్కుతుంది. కీబోర్డుకు ఆ బాధ లేదు. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం పందిట్లో శ్రుతి ఎక్కిందంటే సాక్సోఫోన్‌ను తిట్టకు, మౌత్‌పీస్ కాస్త లాగు. పరీక్షలు మాత్రం పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చెయ్యి.

నువ్వు పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. జి-షార్ప్ సర్దే స్క్రూ ఉంది, మెడ పట్టీ రింగు ఉంది, పై 'ఎఫ్' దాకా కీలున్నాయి. కింది 'బి' రాడ్ సన్నగా ఉంది, అది నాకు నచ్చలేదు. శ్రుతి ఫొటోలో కనబడదు. వీడియో అడుగు, జతలు సరిపోతే తెప్పించు. సరుకు వచ్చాక ఆదివారం పదకొండు తర్వాత తీసుకురా, నీ ముందే లైటు వేసి చూద్దాం. సిరిమానోత్సవం వారం మాత్రం వద్దు, ఆ వారం ఊళ్లో ఉన్న డోళ్లూ క్లారినెట్లూ అన్నీ నా బల్ల మీదే ఉంటాయి. వచ్చేటప్పుడు నీ రీడు నువ్వు తెచ్చుకో, నాది ఇవ్వను.